వంటగది పోలిక వద్దమ్మా

అమ్మాయీ,

నువ్వు పంపిన ఆకు వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు హాయిగా ఉంది. కానీ "ఆకు మొక్కకు వంటగది" అన్న మొదటి వాక్యం దగ్గరే నాకు కాలు అడ్డం పడింది. ఆ మాట కుర్రతనంలో నేనూ రాశాను, మా సైన్సు మాస్టారు చెప్పారు కదా అని. వంటగదిలోకి బియ్యం బయటినుంచి వస్తాయి, మనం ఉడకేస్తాం. ఆకు అసలు బియ్యాన్నే తయారుచేస్తుంది, గాలీ నీళ్లూ కలిపి! పోలిక ఆ వింతనే మింగేసింది.

దానికి బదులు వాన్ హెల్మాంట్ కథతో మొదలుపెట్టు. పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త. 200 పౌన్ల ఎండు మట్టిలో విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 164 పౌన్లు పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు. ఆ బరువంతా నీళ్లదేనని తేల్చేశాడు. తమాషా ఏమిటంటే, 'గ్యాస్' అన్న మాట పుట్టించింది ఆయనే. అయినా చెట్టు గాలిని తింటుందని తట్టలేదు.

ఇంకోటి, ఇది మాత్రం తప్పు. కార్బన్ డయాక్సైడ్‌ని విడగొట్టి మొక్క ఆక్సిజన్ వదులుతుందని రాశావు. మనకొచ్చే ఆక్సిజన్ నీటిది. 1941లో రూబెన్, కామెన్, వాళ్ల తోటివాళ్లు మామూలుదానికన్నా బరువైన పరమాణువులున్న ఆక్సిజన్ కలిసిన నీటిని క్లోరెల్లా అనే నాచుకి ఇచ్చారు, అది వదిలిన గాలిలో ఆ బరువైన ఆక్సిజనే కనబడితే ఆ సంగతి పట్టుకున్నారు. ఆకు కణాల్లో ఉండే ఆకుపచ్చ గింజ, అదే హరితరేణువు. దాని లోపల థైలకాయిడ్ అనే పొరల మీద వెలుతురు పడి నీరు విడిపోతుంది. అక్కడ చిక్కిన శక్తితో, చుట్టూ ఉన్న స్ట్రోమా అనే ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఈ రెండోదాన్ని 'నిష్కాంతి చర్య' అంటారు, అంటే వెలుతురు లేని చర్య అని. పాడు పేరు! అది రాత్రిపూట జరుగుతుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి అదీ ఎక్కువగా పగలే. ఆ పేరు వాడితే పక్కనే ఈ ముక్క కూడా రాయి.

ఇక కణం గురించి రాసిన పేరా. కణకవచం, రిక్తిక (కణంలోని నీళ్ల సంచి), కేంద్రకం అని వరసపెట్టావు, హాజరు పట్టీలా. నువ్వు చూసి రాయలేదని తెలిసిపోతోంది. అక్వేరియం షాపులో హైడ్రిల్లా రెమ్మ కొను. దాని ఆకు మందం రెండు కణాలే, కొయ్యక్కర్లేదు. ఒక ఆకు తుంచి, నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపులో చూడు. గోడ కట్టిన ఇటుకల్లా కణాలు, వాటిలో ఆకుపచ్చ గింజలు. కాసేపు వెలుతురు తగలనివ్వు. ఆ గింజలు అంచు వెంబడి గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు కదులుతాయి. నడిమధ్యకి ఎందుకు రావంటావా? అక్కడంతా రిక్తిక పరుచుకుని ఉంది. ఇప్పుడు రిక్తిక గురించి రాయి, ఎలా వస్తుందో చూద్దాం.

మైక్రోస్కోపు దొరక్కపోతే ఆదివారం మా ఇంటికి రా. నాదొకటుంది, పాతది. అద్దం కాస్త మసకబారింది గానీ గింజలు కనిపిస్తాయి. రెమ్మ నువ్వే తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు