కాంతి మందులపై పరిశోధన మొదలుపెడుతున్న మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కణితి దాకా కాంతిస్పందక ద్రవ్యాలను చేర్చడం అనే అంశం మీద కడపలో పీహెచ్‌డీ మొదలుపెడుతున్నావని, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసుకుని రమ్మని గైడు చెప్పారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మందును నింపే కొవ్వు పొరల సూక్ష్మ సంచులైన లిపోసోముల గురించి, పాలిమర్ నానోకణాల గురించి బాగానే రాశావు గానీ, ఆ మందు మీద ఏ రంగు కాంతి వేస్తావో, మందు ఇచ్చిన ఎన్ని గంటలకు వేస్తావో చెప్పే వాక్యం ఒక్కటీ కనిపించలేదు. ముందు ఏ కణితి, ఏ కాంతి, ఏ వేళ అన్నవి తేల్చుకో. మందును మోసుకుపోయే వాహకం ఏదన్నది వాటిని బట్టి తేలుతుంది.

ఈ ద్రవ్యాలు చీకట్లో ఉన్నంతసేపూ దాదాపు నిరపాయంగా ఉంటాయి. తగిన తరంగదైర్ఘ్యం గల కాంతి తగిలినప్పుడు, తాము పుచ్చుకున్న శక్తిని పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు అందిస్తాయి. అలా పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపం కణాన్ని చంపుతుంది. దాని ఆయుష్షు ఎంత తక్కువంటే, కణం లోపల తాను పుట్టిన చోటు దాటి నానోమీటర్లలో కొలిచేంత దూరమే పోగలదు. కాబట్టి మందు మైటోకాండ్రియాలో ఉన్నప్పుడు కాంతి వేస్తే ఒక ఫలితం, రక్తనాళంలో ఉన్నప్పుడు వేస్తే పూర్తిగా వేరే ఫలితం వస్తుంది. ఫోటోఫ్రిన్ అనే కాంతిస్పందక మందును కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున నరానికి ఎక్కించి, 40 నుంచి 50 గంటలు ఆగి, 630 నానోమీటర్ల ఎర్ర కాంతి వేస్తారు. ఈ వ్యవధిలో మామూలు కణజాలం మందును చాలావరకు వదిలించుకుంటుంది, కణితి పట్టి ఉంచుకుంటుంది. తొలిదశ ప్రోస్టేట్ కేన్సర్‌కు 2017లో యూరప్‌లో అనుమతి పొందిన పాడెలిపోర్ఫిన్ విషయంలో ఆగడమే ఉండదు. మందు ఇంకా రక్తంలో ఉండగానే 753 నానోమీటర్ల కాంతి వేసి, కణితికి రక్తం అందించే నాళాలను మూసేస్తారు. అక్కడ మందు కణితి కణాల్లోకి దూరవలసిన అవసరమే లేదు.

వాహకమే అక్కర్లేని ఉదాహరణ ఒకటుంది, దాన్ని శ్రద్ధగా చదువు. అమైనోలెవులినిక్ ఆమ్లానికి రంగు లేదు, మెరుపూ లేదు. మన కణాలు హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) తయారుచేసుకునే దారిలో అదొక మజిలీ మాత్రమే. దాన్ని ఎక్కువగా అందిస్తే, మెదడులోని గ్లయోమా వంటి కణితుల కణాలు కాంతికి స్పందించే ప్రోటోపోర్ఫిరిన్‌ను తామే తయారుచేసి కూడబెట్టుకుంటాయి. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వడానికి సుమారు 3 గంటల ముందు కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున నీళ్లలో కలిపి తాగిస్తే, 400 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలి కాంతిలో కణితి ఎర్రగా వెలుగుతుంది. 2006లో వెలువడిన జర్మనీ పరీక్షలో ఈ వెలుగు సాయంతో చేసిన శస్త్రచికిత్సల్లో 65 శాతం మందికి, మామూలు వెలుతురులో చేసినవాటిలో 36 శాతం మందికి స్కానులో కనిపించే కణితిని పూర్తిగా తీయగలిగారు. దీన్ని జెల్‌గా చేసి చర్మంపై రాయాలని నీకు ఆలోచన వస్తే రెండు సంగతులు గుర్తుంచుకో. ఈ అణువు నీటిని ఇష్టపడేది కాబట్టి చర్మం పైపొరను సులువుగా దాటదు, అందుకే చర్మాన్ని ఇంకాస్త సులువుగా దాటేలా మార్చిన దాని రూపం, మిథైల్ ఎస్టర్, వచ్చింది. పైగా తటస్థ పీహెచ్ దగ్గర ఇది నిలవదు, రెండేసి అణువులు కలిసిపోయి పాడైపోతుంది. ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలుపుకో.

మన వైపు నుంచి ఈ పరిశోధనలోకి వచ్చేవాళ్లు అందరికంటే ముందుగా ఆలోచించవలసింది ఎండ గురించి. 1912లో మేయర్ బెట్జ్ అనే జర్మన్ వైద్యుడు 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్‌ను తన ఒంట్లోకే ఎక్కించుకుని ఎండలోకి వెళితే ముఖం, చేతులు విపరీతంగా వాచిపోయాయి, ఎండ ఒంటికి సరిపడకపోవడం వారాల తరబడి సాగింది. ఫోటోఫ్రిన్ తీసుకున్న రోగిని నేటికీ కనీసం 30 రోజులు ఎండకు దూరంగా ఉండమంటారు. సన్‌స్క్రీన్ లేపనాలు అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి, కానీ ఈ మందును రేపేది కంటికి కనిపించే వెలుతురే కాబట్టి అవి కాపాడవు. అలాగని రోగిని చీకటి గదిలో మూసిపెట్టడమూ సరికాదు. ఇంట్లో ఉండే మామూలు వెలుతురు చర్మంలో మిగిలిన మందును కొద్దికొద్దిగా విరిచి నిర్వీర్యం చేస్తుంది. ఇవన్నీ చల్లటి దేశాల ఆసుపత్రుల్లో పాటించదగ్గ జాగ్రత్తలే. కళ్యాణదుర్గం వైపో పత్తికొండ వైపో బుడ్డల చేనులో కలుపు తీసుకుని బతికే మనిషికి నెల రోజులు గడప దాటవద్దని చెబితే, ఆ చికిత్స ఆమెకు లేనట్టే లెక్క. అందుకని కణితికి ఎంత చేరిందన్న గ్రాఫు పక్కనే చర్మంలో ఎంత మిగిలింది, ఎన్ని రోజులకు పోయింది అన్న గ్రాఫు కూడా ఉండాలని సినాప్సిస్‌లోనే రాసిపెట్టు. పరీక్షకులు అడగకపోయినా రాయి.

కాంతి ఎంత లోతుకు వెళుతుందన్నది నీ కోరికను బట్టి మారదు. నీలి కాంతి కణజాలంలో మిల్లీమీటరు దాటడమే కష్టం, ఎర్ర కాంతి కొన్ని మిల్లీమీటర్లు పోతుంది. పసుపులోని కర్క్యుమిన్‌ను వాడితే బాగుంటుందని నీకు చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు. అది కాంతికి స్పందించే మాట నిజమే కానీ, పుచ్చుకునేది 420 నానోమీటర్ల దరిదాపుల్లో ఉండే నీలి కాంతిని, కాబట్టి పైపై పుండ్లను దాటి ఆలోచించకు. పొగాకు వల్ల మన దగ్గర విరివిగా కనిపించే నోటి కేన్సర్‌ను ఎంచుకుంటే, లేజర్ తీగ నేరుగా అందే చోట పని చేస్తావు గనుక సగం చిక్కు ముందే తీరుతుంది.

నానోకణం మీద మోజు ఉంటే వద్దనను. కానీ 2016లో టొరంటో పరిశోధకులు పదేళ్ల ప్రయోగ పత్రాలను కలిపి లెక్క చూసినప్పుడు, ఎక్కించిన మోతాదులో మధ్యగత విలువగా 0.7 శాతమే కణితికి చేరినట్టు తేలింది. మిగిలినదంతా ఎక్కువగా కాలేయం, ప్లీహాలకు పోతుంది. నీటిలో కరగని రంగును, అంటే కాంతిస్పందక ద్రవ్యాన్ని, లిపోసోములో నింపి, చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలసిస్ సంచిలో పెట్టి, బయటి బఫర్ (పీహెచ్ మారని నీటి ద్రావణం)లోకి రాలేదు కాబట్టి నెమ్మదిగా విడుదలవుతోందని రాసేవాళ్లను చూసి మోసపోకు. నీటిలో కరగనిది నీటిలోకి ఎలాగూ రాదు. అదే లిపోసోమును సీరంలో కలిపి చూస్తే, రంగు దాన్ని వదిలి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను, కొవ్వు మోసే ఎల్‌డీఎల్‌ను పట్టుకుని పోవడం చాలాసార్లు కనిపిస్తుంది. అలాగే కిక్కిరిసిన రంగు అణువులు ఒకదానికొకటి అంటుకుంటే మెరవవు, సింగ్లెట్ ఆక్సిజన్‌నూ సరిగా పుట్టించవు. అందుకని వాహకంతో ఉన్నప్పటి ఫ్లోరెసెన్స్‌ను (కాంతి పడ్డప్పుడు వచ్చే మెరుపును), ట్రైటాన్ అనే సబ్బులాంటి ద్రవ్యం వేసి వాహకాన్ని విడగొట్టాక వచ్చే ఫ్లోరెసెన్స్‌ను ప్రతి బ్యాచ్‌కూ పోల్చి చూడు.

గుర్తింపు, చికిత్స రెండూ ఒకే అణువుతో చేస్తానని రాశావు. చేయవచ్చు. కానీ అణువు పుచ్చుకున్న శక్తిలో వెలుగుగా పోయినంత భాగం ఆక్సిజన్‌కు అందదు కాబట్టి, రెండింటిలో ఏది ముఖ్యమో ముందే చెప్పు. గుర్తింపుకైతే మెరుపు ఎంత అన్నదానికంటే పక్కనున్న మంచి కణజాలం కంటే ఎన్ని రెట్లు అన్నదే లెక్క. ఉదాహరణకు, మూత్రాశయంలో వాపు ఉన్న చోటు కూడా కణితిలాగే వెలిగి వైద్యుణ్ణి తప్పుదారి పట్టించగలదు.

ల్యాబు విషయానికొస్తే, ఫోటో డెవలప్ చేసే గదిలోలాగా ఎర్ర బల్బు పెట్టుకుంటే చాలనుకోకు. థాలోసయనిన్ వంటి రంగులు పుచ్చుకునేది ఎర్ర కాంతినే. నీ ద్రవ్యం ఏ రంగు కాంతిని ఎంత పుచ్చుకుంటుందో చూపే స్పెక్ట్రమ్ చూసి, అది పుచ్చుకోని రంగు దీపం ఎంచుకో. సీసాలకు అల్యూమినియం రేకు చుట్టు. ఎల్‌ఈడీ పెట్టె మీద ముద్రించిన వాట్లను నమ్మక, ప్లేటు ఉండే ఎత్తులో పవర్ మీటరు పెట్టి కొలువు. చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు 1,000 సెకన్లు వేస్తే 100 జౌళ్లు అవుతుంది. అదే మోతాదును తొందరపడి ఎక్కువ తీవ్రతతో వేస్తే, రక్తం తెచ్చే ఆక్సిజన్ కంటే ఖర్చయ్యేది ఎక్కువై చికిత్స మధ్యలోనే చల్లారుతుంది. చీకట్లో మందు మాత్రమే, మందు లేకుండా కాంతి మాత్రమే ఇచ్చిన గుంపులు లేని ఫలితాన్ని ఎవరికీ చూపించకు. ఎందుకంటే మే నెలలో ఏసీ లేని గదిలో కణాలు వేడికే చచ్చిపోగలవు.

ఎలుకల దాకా వెళ్లినప్పుడు, నైతిక కమిటీకి దరఖాస్తు పెట్టే రోజే వాటి మేత సంగతి కూడా రాయి. మామూలు మేతలో కలిపే అల్ఫాల్ఫా గడ్డిలోని పత్రహరితం ఎర్రగా మెరుస్తూ పొట్ట, చర్మం అంతటా కనిపిస్తుంది, అది నీ మందు వెలుగు అని పొరబడే వీలుంది. ఫోటోలు తీయడానికి కనీసం వారం ముందు నుంచి శుద్ధిచేసిన మేతకు మార్చాలి, దాని ధరను బడ్జెట్‌లో ఇప్పుడే చేర్చు. ఎంచుకున్న ద్రవ్యం స్పెక్ట్రమ్‌ను బఫర్‌లో ఒకటి, సీరంలో ఒకటి తీసి నాకు పంపు. లిపోసోము తయారీకి కావలసిన లిపిడ్లను అంతవరకూ ఆర్డరు పెట్టవద్దు.

ఇట్లు,
మీ మామయ్య