అబ్బాయికి స్టీరింగ్ ఇచ్చేముందు ఇన్సూరెన్స్ లెక్క చూసుకోండి

కూకట్‌పల్లి నుంచి జూన్‌లో డాలస్ వెళ్తున్న ఒకావిడ అడిగారు: "మా బాబుకి పదిహేను నిండాయి. అక్కడ డ్రైవింగ్ మేమే నేర్పుకోవచ్చా?"

నేర్పుకోవచ్చమ్మా. టెక్సస్‌లో 15 ఏళ్లకే లెర్నర్ లైసెన్సు ఇస్తారు, తల్లిదండ్రులే నేర్పే పద్ధతీ ఉంది. ప్రాక్టీసు 30 గంటలు, అందులో 10 రాత్రిపూట. మిగతా రూల్స్ టెక్సస్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకోండి. కొందరు మనవాళ్లు బండి తీయకుండానే గంటలు రాసేసి సంతకం పెడతారు. ఆ పని మాత్రం చేయకండి.

మా అమ్మాయికి అక్కడ నేనే నేర్పాను, డ్రైవింగ్ స్కూలు ఫీజు మిగులుతుందని. అఫ్జల్‌గంజ్‌లో బండి నడిపినవాణ్ణి, నాకెవరు చెప్పాలన్న ధీమా. స్టాప్ బోర్డు దగ్గర తను పూర్తిగా ఆపితే, ఎదుట ఎవరూ లేరుగా, "పోనీయ్, పోనీయ్" అనేవాణ్ణి. లైసెన్సు వచ్చిన రెండో నెలలో, పూర్తిగా ఆపకుండా పోయే ఆ "పోనీయ్" పోలీసు కంట పడింది. జరిమానా టికెట్ డబ్బు సరే, ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో పెరిగిన ప్రీమియం చూసి నాకు ముద్ద దిగలేదు. మిగిల్చిన ఫీజు ఏ మూలకి?

ఇంకో తప్పు, అరవడం. మలుపులో "బ్రేక్! బ్రేక్!" అని కేక వేశాను. కంగారులో యాక్సిలరేటర్ తొక్కింది. పక్కింటివాళ్ల మెయిల్‌బాక్స్ పోయింది, మళ్లీ నా జేబే. తర్వాత మా ఆవిడ కూర్చుంది. మలుపు ఇంకా దూరంగా ఉండగానే "తర్వాతి సిగ్నల్‌లో ఎడమకి, అద్దం చూసుకో" అని మెల్లగా చెప్పేది. ఏం కనిపిస్తోందో పిల్ల చేత పైకి చెప్పించేది: "కుక్కతో ఎవరో నడుస్తున్నారు, ఎదుటి కారు బ్రేక్ లైటు వెలిగింది." ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో మొదలుపెట్టి, కాలనీ రోడ్లు, వాన, ఆఖరున హైవే. ఈ తెలివి నాకు ముందే ఉంటే ఎన్ని డాలర్లు మిగిలేవో!

స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగిస్తే ఆగాలి. మనకి ఇక్కడ అలవాటు లేని పని కాబట్టి మీరే ముందు నేర్చుకోండి.

పిల్లవాడి కోసం కారు చూసేముందే ఇన్సూరెన్స్ ధర అడగండి. మంచి మార్కులకి తగ్గింపు ఉంటుంది, అదీ అడగండి, మొహమాటపడకండి.

ప్రస్తుతం సెలవులకి దిల్‌సుఖ్‌నగర్‌లో తమ్ముడింట్లో ఉన్నాను. మా చిన్నవాడికి 16, అక్కడి లైసెన్సు ఉందని బాబాయి కారు అడుగుతున్నాడు. ఇక్కడ 18 నిండాలి. మైనర్ నడిపి పట్టుబడితే పెద్దవాళ్లకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. తాళాలు నా దిండు కింద పెట్టుకుని, వాణ్ణి మెట్రోలో తిరగమన్నాను.