కొండలోంచి నీళ్లు తీసే చదువు మా అమ్మాయికెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. ఎంటెక్‌లో జియోటెక్నికల్ (మట్టి, రాళ్లకు సంబంధించిన ఇంజినీరింగ్) తీసుకుని, కొండచరియలు విరిగిపడకుండా భూగర్భ డ్రైనేజీ వేసే పని నేర్చుకుంటానంటోంది. ఏఐతో కొండచరియల్ని ముందే పసిగట్టే కోర్సులున్నాయి కదా, అందులో చేరమంటే వినడం లేదు. రెండింట్లో ఏది మేలు? వచ్చే ఏడు సంబంధాలు కూడా చూద్దామనుకుంటున్నాం.
– ఓ తండ్రి, తిరుపతి

జవాబు: సంబంధాల మాట చివర్లో చిన్నగా రాశారు గానీ, ఉత్తరమంతా దాని కోసమే రాసినట్టుంది. ఏఐ అంటే ఏసీ గది, సైట్ అంటే ఎక్కడో కొండల్లో డ్రిల్లింగ్ మిషన్ పక్కన నిలబడటం. ఇంతే కదా మీ లెక్క? ఇదే బెంగతో చాలామంది తండ్రులు నా దగ్గరికొస్తారు. ఆడపిల్ల గురించి బెంగ సహజం, అందులో తప్పేం లేదు. దాన్ని కెరీర్ ప్రశ్నగా ముస్తాబు చేసి పిల్ల మీద రుద్దడమే తప్పు.

అసలు ఆమె ఏం నేర్చుకుంటానంటోందో ఒక్కసారైనా కూర్చుని విన్నారా? వానలకు కొండ లోపల నీటిమట్టం పెరుగుతుంది. మట్టి రేణువుల మధ్య చేరిన నీటి ఒత్తిడి, వాటిని పట్టి ఉంచే రాపిడి బలాన్ని తగ్గిస్తుంది. ఆ నీళ్లకు దారి చూపకుండా ఎంత గోడ కట్టినా ఒకనాడు గోడతో సహా జారుతుంది. అందుకని వాలులోకి అడ్డంగా, లోపలి కొస 5 నుంచి 10 డిగ్రీలు పైకి ఉండేలా బోరు వేసి, చిల్లులున్న పీవీసీ పైపు దింపుతారు. పంపు లేదు, కరెంటు లేదు, నీళ్లు వాటంతటవే కారిపోతాయి. జారుడు పొర బాగా లోతులో ఉంటే పెద్ద బావి తవ్వి, దాని గోడల్లోంచి చుట్టూ పైపులు కొడతారు. జపాన్‌లో ఒసాకా దగ్గరి కమెనోసెలో ఇలాంటి బావులూ ఉన్నాయి, సొరంగాలూ ఉన్నాయి. హాంకాంగ్‌లో 1972 జూన్ 18న పో షాన్ రోడ్డు దగ్గర కొండ జారి 67 మంది చనిపోయారు. తర్వాతి కాలంలో ఆ కొండ కిందే రెండు డ్రైనేజీ సొరంగాలు తొలిచి, వాటిలోంచి పైకి డ్రెయిన్లు వేశారు. మీ అమ్మాయి అడుగుతున్నది ఈ చదువు.

ఇక మీరు మోజుపడ్డ ఏఐ సంగతి. దాని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. బ్రోచర్లలో ఎర్రరంగు పూసిన మ్యాపులు బాగానే ఉంటాయి. కానీ మోడల్ నేర్చుకోవాలంటే గతంలో ఏ వాలు ఏ రోజు జారింది, ఆ రోజు అక్కడ ఎంత వాన పడింది అన్న రికార్డు కావాలి. మన కొండల్లో చాలాచోట్ల దగ్గర్లో వాన కొలిచే గేజే ఉండదు. శాటిలైట్‌కి కొండ పైభాగం కనిపిస్తుంది. లోపల నీళ్లు ఎంత ఎత్తుకు చేరాయో చెప్పేది బోరులో దింపిన పీజోమీటరు. పైగా హెచ్చరిక రెండుసార్లు ఉత్తినే మోగితే మూడోసారి ఊరు కదలదు. ఏఐ దండగ అనను. ఐఐటీ మండీ వాళ్లు చవక సెన్సర్లతో హిమాచల్‌లో హెచ్చరిక యంత్రాలు పెట్టారు, మంచి పని. నా భయమల్లా మట్టి ముట్టుకోకుండా మోడల్ చేసేవాళ్ల గురించే. జియోటెక్నికల్ చదివిన పిల్ల, ఈ మోడళ్లు రాసే పైథాన్ అనే కంప్యూటర్ భాషని ఆరు నెలల్లో పట్టేస్తుంది. పైథాన్ ఒక్కటే వచ్చినవాడికి బోరులోంచి తీసిన మట్టి చూసి జారుడు పొర ఇదీ అని చెప్పడానికి ఏళ్లు పడుతుంది. ఆ కోర్సుకి ఫీజు కట్టేముందు, అక్కడ పాఠం చెప్పేవాళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా బోరు వేయించారా అని అడగండి.

అమ్మాయికీ ఓ మాట. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితురాళ్లకంటే తక్కువ ఉంటుంది, సిద్ధపడు. పైపులు వేసి వదిలేస్తే తుప్పురంగు బురద, చెట్ల వేర్లు పట్టి పూడుకుపోతాయి. వాటిని కడిగించే డబ్బుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక కావాలి. డ్రెయిన్లు అన్నిటికీ మందు కూడా కాదమ్మా. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మలను ముంచింది ఎక్కడో ఎగువన మొదలై లోయ వెంట ఉరికొచ్చిన బురద, బండలు. మీ తిరుమల ఘాట్ రోడ్డు మీద దొర్లే బండలకైతే ముందు వలలు, బండని లోపలి రాతికి బిగించే రాక్ బోల్టులు చూడాలి. ఇంకోటి, జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు పోస్టుకి బీటెక్ సివిల్ చాలదు, జియాలజీ వైపు పీజీ కావాలి. నీకు దారి రహదారులు, రైల్వే, జలవిద్యుత్ ప్రాజెక్టులు, వాటికి డిజైన్ చేసే కన్సల్టెన్సీలు. ఎంటెక్‌కి రూర్కీ, హైదరాబాద్ ఐఐటీలు, వరంగల్ ఎన్ఐటీ చూసుకో.

తండ్రిగారూ, జియోటెక్నికల్ అంటే జీవితాంతం కొండ మీదే ఉండాలని లేదు. లెక్కలు, డ్రాయింగులు, పీజోమీటరు రీడింగులు చూసుకోవడం, ఇదంతా ఆఫీసు పనే. ఈ వేసవిలో వాలు స్థిరీకరణ జరుగుతున్న ఏదో ఒక సైట్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి పంపండి. ఆ ఎండకీ ఆ దుమ్ముకీ తట్టుకోగలనో లేదో ఆమే తేల్చుకుంటుంది. రైలెక్కించడానికి మీరే స్టేషన్‌కి వెళ్లండి, దారిలో మాత్రం సంబంధాల మాట ఎత్తకండి.