పాఠకుల ప్రశ్నలు: 65 రాస్తే 97 ఎందుకయింది?

ప్రశ్న: ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద లినక్స్ నడిపిస్తున్నాను. చిప్‌లోని ఒక టైమర్ ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) సంఖ్య 65 అని మాన్యువల్‌లో ఉంది. డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏ పరికరం ఎలా కలిసిందో లినక్స్‌కు చెప్పే వివరణలో, 0, 65, 4 అని రాశాను. డ్రైవర్ లోడ్ అయింది, తప్పు చూపించలేదు. కానీ ఇంటరప్ట్‌ల లెక్క సున్నా దాటడం లేదు. చిప్ పాడైందంటారా?

జవాబు: చిప్‌ను నిందించే ముందు ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలు మళ్లీ తెరవండి. మీ టైమర్ వరుసలో ఎడమ చివరి సంఖ్యను వదిలేయండి. అది కర్నెల్ (లినక్స్ గుండెకాయ) తన సౌకర్యం కోసం ఇచ్చుకున్నది, హార్డ్‌వేర్‌తో దానికి పనిలేదు. కుడివైపు కంట్రోలర్ పేరు పక్కన ఉన్న సంఖ్య చూడండి. అక్కడ 97 కనిపిస్తుందని పందెం కడతాను.

ఇంటరప్ట్‌లను అందుకుని ప్రాసెసర్ కోర్లకు చేరవేసే ఆర్మ్ వారి జీఐసీ కంట్రోలర్‌లో 0 నుంచి 15 వరకు సంఖ్యలు కోర్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి, 16 నుంచి 31 వరకు ఒక్కో కోర్‌కు సొంతం. అన్ని కోర్లకూ ఉమ్మడిగా అందేవి 32 నుంచి మొదలవుతాయి. డివైస్ ట్రీలో మొదటి సెల్‌లో (ఒక్కో సంఖ్య పట్టే గడిని సెల్ అంటారు) మీరు రాసిన 0కు ‘ఇది ఉమ్మడి రకం’ అని అర్థం. రకం చెప్పేశారు కాబట్టి రెండో సెల్‌లో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 32ను కర్నెల్ తానే కలుపుతుంది. అంటే మీరు రాయవలసింది 33. 65 రాయడంతో ఎవరూ మోగించని 97వ గంట దగ్గర మీ డ్రైవర్ కాపలా కూర్చుంది.

అలాగని ప్రతిచోటా కళ్లు మూసుకుని 32 తీసేయకండి. కొందరు తయారీదారులు మాన్యువల్‌లోనే దాన్ని తీసేసి సున్నా నుంచి లెక్కిస్తారు. పట్టిక ఏ సంఖ్యతో మొదలైందో చూస్తే తెలిసిపోతుంది. ఆ పట్టిక మొదటి పేజీ చదివే ఓపిక ఎవరికీ ఉండదు, నా దగ్గరకు వచ్చే ఉత్తరాల్లో సగం అందుకే వస్తాయి.

ప్రశ్న: ఐ2సీ బస్సు (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల దారి) మీద టచ్ చిప్ ఉంది. దాని ఇంటరప్ట్ తీగ జీపీఐఓ పిన్‌కు (ఏ పనికైనా వాడుకోగల మామూలు పిన్‌కు) వెళుతుంది. పిన్ సంఖ్య, 8 అని రెండు సెల్‌లు రాశాను. డివైస్ ట్రీ కంపైలర్ ‘పరిమాణం 8, 12 గుణిజం కావాలి’ అని హెచ్చరిస్తోంది. ఉదాహరణలు చూసి మూడు సెల్‌లు చేసి 4 పెట్టాను. హెచ్చరిక పోయింది, టచ్ పనిచేయడం లేదు.

జవాబు: హెచ్చరిక నోరు మూయించారు, అది చెప్పబోయిన మాట వినలేదు. సెల్ ఒక్కొక్కటి 4 బైట్లు. మీ రెండు సెల్‌లు 8 బైట్లు, జీఐసీకి కావలసిన మూడు 12 బైట్లు. జీపీఐఓ కోసం రాసిన దాన్ని జీఐసీ నియమాలతో ఎందుకు కొలుస్తున్నారని ఆ క్షణంలోనే అడగవలసింది.

ఇంటరప్ట్స్ అనే వరుసలోని అంకెలకు సొంతంగా ఏ అర్థమూ లేదు. తరగతి చెప్పకుండా రోల్ నంబరు చెప్పినట్టే. ఎన్ని సెల్‌లు ఉండాలో, దేనికి ఏమి అర్థమో ఆ ఇంటరప్ట్‌ను అందుకునే కంట్రోలర్ నిర్ణయిస్తుంది. ఆ కంట్రోలర్ ఏదో చెప్పేది ఇంటరప్ట్-పేరెంట్. మీ నోడ్‌లో (డివైస్ ట్రీలో మీ పరికరానికి రాసిన భాగంలో) అది లేకపోతే పై నోడ్‌లో, అక్కడా లేకపోతే ఇంకా పైన వెతుకుతారు. సాధారణంగా అన్నిటికన్నా పైన ఉండేది జీఐసీయే. కాబట్టి టచ్ చిప్ నోడ్‌లోనే ఇంటరప్ట్-పేరెంట్‌గా ఆ జీపీఐఓ కంట్రోలర్‌ను చూపించి, మీ పాత రెండు సెల్‌లు తిరిగి పెట్టండి.

ఇంతకన్నా చెడ్డ సందర్భం ఒకటుంది. ఒకే పరికరానికి జీపీఐఓ ఇంటరప్ట్‌లు మూడు ఉంటే సెల్‌లు ఆరు అవుతాయి. ఆరు సెల్‌లను జీఐసీ రెండు ఇంటరప్ట్‌లుగా చక్కగా చదివేసుకుంటుంది. అప్పుడు పరిమాణం గురించి హెచ్చరిక కూడా రాదు.

ఆ 8 సంగతి కూడా చెప్పాలి. తీగ మీది వోల్టేజీ ఎలా ఉంటే ఇంటరప్ట్‌గా లెక్కించాలో చెప్పే అంకె అది. 1 అంటే పైకి లేచే అంచు, 2 కిందికి దిగే అంచు, 4 పైస్థాయి, 8 కిందిస్థాయి. మీ చిప్ కబురు ఉన్నప్పుడు తీగను కిందికి లాగి, చదివేవరకూ వదలనిదైతే 8 సరైనదే, మీ జీపీఐఓ కంట్రోలర్ స్థాయిని గమనించగలిగితే. పొరపాటున 4 పెడితే ఊరికే ఉన్న తీగ కూడా నిరంతరం మోగుతున్నట్టు కనిపిస్తుంది. డ్రైవర్ ప్రతిసారీ ‘నాది కాదు’ అంటుంది. లక్షసార్లు చూసి, అందులో 99,900 కన్నా ఎక్కువసార్లు ఎవరూ పట్టించుకోకపోతే, కర్నెల్ ఆ విషయం లాగ్‌లో రాసి ఆ ఇంటరప్ట్‌ను ఆపేస్తుంది. 2 పెడితే ప్రమాదం వేరు. కర్నెల్ కాపలా మొదలుపెట్టేసరికే తీగ కింద ఉంటే, దిగే అంచు అప్పటికే అయిపోయింది. ఎవరో ఒకరు చిప్‌ను చదివి తీగను వదిలించేవరకూ మరోటి రాదు.

ఇవన్నీ సరిచేసినా పనిచేయకపోతే డ్రైవర్ కోడ్ చూడండి. ఇంటరప్ట్ అడిగేటప్పుడు డ్రైవర్ తానే అంచో స్థాయో చెబితే, మీరు డివైస్ ట్రీలో రాసింది పక్కకు పోతుంది. అలాంటి డ్రైవర్లంటే నాకు చిరాకు. తీగ ఎలా కలిపారో బోర్డు తయారుచేసినవారికి తెలుస్తుంది కానీ డ్రైవర్ రాసినవారికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఒకే పరికరానికి ఒక ఇంటరప్ట్ జీఐసీకి, ఇంకొకటి జీపీఐఓకి వెళితే ఎలా రాయాలి?

జవాబు: ఇంటరప్ట్స్-ఎక్స్‌టెండెడ్ వాడండి. అందులో ప్రతి ఇంటరప్ట్ ముందూ దాని కంట్రోలర్‌ను విడిగా చూపిస్తారు. మామూలు ఇంటరప్ట్స్ వరుస కూడా ఉంచితే లినక్స్ ఎక్స్‌టెండెడ్‌నే తీసుకుంటుంది, పాతది తీసేయండి. ఇంటరప్ట్-నేమ్స్ కూడా చేర్చి, డ్రైవర్‌లో వరుస సంఖ్యతో కాకుండా పేరుతో అడగండి.