1930ల ఆర్థిక మాంద్యంలో శ్రీకాకుళం వైపు మామూలు కుటుంబాలు ఎలా బతికాయి?

ధాన్యం చవకైపోయినా కడుపు నిండని రోజులవి. 1929 తర్వాత నాలుగేళ్లలో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. జమీందారు శిస్తు, షావుకారు వడ్డీ మాత్రం తగ్గలేదు. అంటే పది బస్తాలతో తీరే బాకీకి ఇరవై అమ్మాలి. అందుకే వరి పండించిన ఇంట్లోనే చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ.

1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణం (డబ్బు విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతి) వదిలేశాక బంగారం ధర పెరిగింది. దేశమంతటా ఇళ్లలోని నగలు అమ్ముడై ఓడలెక్కాయి. మా మామ్మ వాళ్లమ్మ పుస్తెలు అమ్మేసి పసుపుకొమ్ము కట్టుకుందట. ఎవరైనా చూస్తారని ఎండాకాలంలో కూడా మెడ చుట్టూ కొంగు కప్పుకునే ఉండేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా మామ్మ చెయ్యి తన మెడ మీదకే పోయేది.

కష్టమొస్తే రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోవడం ఇక్కడివాళ్లకు అలవాటు. అప్పుడు అక్కడా పని కరువే. 1930 మేలో రంగూన్ రేవు గొడవల్లో ఎందరో తెలుగు కూలీలు చనిపోయారు. ఇక్కడ మనియార్డరు కోసం ఎదురుచూసే ఇళ్ల పరిస్థితి ఊహించండి!

1937-38లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు యాత్రగా నడిచారు. 1938లో రుణ ఉపశమన చట్టం వచ్చింది. అదీ భూమి మీద హక్కున్నవాళ్లకే.