బాబుకు ఏడీహెచ్‌డీ అనుమానం: ముందు ఎవరికి చూపించాలి?

ఏడేళ్ల బాబు క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదని, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) కావచ్చని టీచర్ అన్నారని రాశారు. కర్నూలులో నేరుగా సైకియాట్రిస్ట్‌కు చూపించాలా అన్నది మీ ప్రశ్న. ముందు టీకాలు వేయించిన పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్లండి. మావాడికీ ఇదే సమస్య, మేమూ అక్కడే మొదలుపెట్టాం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న డాక్టర్ కాబట్టి వాడి సంగతంతా మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేవు. చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత చూసేది వేరే కారణం ఉందేమోనని. మిగతాదంతా ప్రశ్నల ఫారాలే, ఒకటి మనకు, ఒకటి టీచర్‌కు. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తుండాలి. టీచర్ ఫారం లేకుండా వెళ్తే సగం పనే అవుతుంది. మావాడి స్కూల్లో మొదట "ఇంట్లో కాస్త భయం పెట్టండి" అని పంపేశారు. డాక్టర్ చీటీ రాసిస్తే గానీ నింపలేదు!

ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు, వాళ్లతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకే శిక్షణ; ఆరేళ్లు దాటితే అవసరాన్ని బట్టి దానితోపాటు మందు కూడా. "స్నానం చెయ్, యూనిఫాం వేసుకో, బ్యాగు సర్దుకో" అని ఒక్క గుక్కలో చెప్తే మావాడికి ఒక్కటీ నిలిచేది కాదు. ఇప్పుడు దగ్గరికెళ్లి, పేరుపెట్టి పిలిచి, ఒక్క పనే చెప్తాం. చేయగానే ఏం బాగా చేశాడో అప్పుడే అంటాం. వాళ్ల జేజిని ఒప్పించడమే కష్టమైంది. మేం వద్దన్న ఫోన్ వాడు ఏడవగానే ఆమె చేతికిచ్చేది. అలా జరిగితే ఈ పద్ధతి పనిచెయ్యదు.

చదవడం, రాయడంలో కూడా వెనకబడి ఉంటే దానికి పరీక్ష వేరుగా చేయమని అడగండి. మందు మొదలుపెట్టడానికి పిల్లల డాక్టర్ వెనకాడితే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి రాయించుకోండి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు ఇస్తే ఆకలి, నిద్ర తగ్గవచ్చు. బరువు, ఎత్తు, బీపీ చూపిస్తూ ఉండాలి. మావాడు మధ్యాహ్నం బాక్సు ముట్టేవాడు కాదు. డాక్టర్‌ను అడిగి, పొద్దున మాత్రకు ముందే ఉగ్గాని కడుపునిండా పెట్టేదాన్ని, రాత్రి ఆకలి తిరిగొచ్చాక ఇంకోసారి అన్నం.