కొట్లాట సినిమాల్లో ఏది చూడాలి?

ప్రశ్న: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అల్లరిమూకల మీద వచ్చిన సినిమాల్లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

జవాబు: ఒక్కటే చూసే ఓపిక ఉంటే, 1989లో బీబీసీ కోసం అలన్ క్లార్క్ తీసిన 'ది ఫర్మ్' చూడండి. (2009లో అదే పేరుతో వచ్చింది వేరే. దాన్లో ట్రాక్‌సూట్లు బాగుంటాయి, అంతే.) క్లార్క్ సినిమాలో గ్యారీ ఓల్డ్‌మన్ ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. సొంత ఇల్లు, భార్య, చంటిబిడ్డ, ఏ లోటూ లేదు. కొట్టుకోవడం అతనికి కేవలం సరదా. 'పేదరికం వల్లే' అని సరిపెట్టుకోనివ్వకపోవడమే ఇందులో గొప్ప. నాన్న దాచుకున్న కత్తి బ్లేడు ఆ పసివాడి నోట్లోకి వెళ్లే సీను దగ్గర నేను లేచి వెళ్లిపోయాను. కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చున్నాననుకోండి.

తర్వాతి చోటు 1995 నాటి 'ఐ.డి.'కి ఇస్తాను. మూకలో చొరబడ్డ పోలీసు క్రమంగా వాళ్లలో ఒకడైపోతాడు. నటన అక్కడక్కడా అతి, కథ మాత్రం పట్టు వదలదు.

వదిలేయాల్సింది 2005లో వచ్చిన 'గ్రీన్ స్ట్రీట్'. హార్వర్డ్ నుంచి గెంటేసిన కుర్రాడు లండన్ వచ్చి, వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు మూకతో కలిసి తన్నులు తిని 'మగాడు' అవుతాడట! ఆ కుర్రాడిగా వేసిన ఎలైజా వుడ్‌ని ఆ గుంపులో చూస్తే నవ్వాగదు. మూక నాయకుడిగా వేసిన చార్లీ హన్నమ్ లండన్ యాస మీద ఇంగ్లండ్‌లో ఇప్పటికీ జోకులే. హింస తప్పని చివర్లో ఓ ముక్క చెప్పినా, కెమెరా అప్పటిదాకా దాన్ని ముద్దు చేస్తూనే ఉంటుంది.

2004 నాటి 'ది ఫుట్‌బాల్ ఫ్యాక్టరీ'లోనూ ఆ జబ్బు ఉంది. కాకపోతే డానీ డయర్ మాటల్లో హాస్యం ఉంది, టైమ్‌పాస్‌కి చాలు.